ఓడలో ఉన్న ఉల్లిపాయలు



బళ్ళో వ్యాపారం ఆట ఎలా ఉంటుందో మీ పిల్లలు ఎప్పుడైనా చెప్పారా? క్లాసే బజారు. బెంచీలే కొట్లు. ఒకడు దుకాణదారు. ఒకమ్మాయి హోల్‌సేల్. ఇంకొకరు ఫ్యాక్టరీ. డబ్బు ఉత్తుత్తిది. సరుకు ఉత్తుత్తిది. లాభనష్టాలూ ఉత్తుత్తివే. తగాదా మాత్రం నిజం.

మొదటి పీరియడు సరదాగానే గడుస్తుంది. రెండో పీరియడుకి గొంతులు లేస్తాయి. "ఏట్రా, పంపమంటే పంపవేటి?" అంటాడు కొట్టబ్బాయి. "నాకే రాలేదురా. నీకెక్కణ్నుంచి తెమ్మంటావు?" అంటాడు వెనక బెంచీవాడు. బెల్లు కొట్టేసరికి ఇద్దరికీ మాటలు ఉండవు. మాస్టారు తల పట్టుకుంటారు. ఇంటికెళ్ళాక అమ్మ అడిగితే, "వాడి వల్లే మా జట్టు ఓడిపోయింది" అన్న జవాబు వస్తుంది.

ఈ పూట ప్రసంగం ఆ తగాదా గురించే. ఇందులో చెప్పేది ఒకే ఒక్క సంగతి. ఆ తప్పు చాలాసార్లు వాడిదీ కాదు, వీడిదీ కాదు. ఇద్దరి మధ్య దారిలో ఉన్న సరుకుని ఎవరూ లెక్క రాయకపోవడం వల్ల వస్తుంది. నోటుబుక్కులో ఒక్క గడి అదనంగా గీస్తే ఆ తగాదా తగ్గుతుంది.

ముందు మన అండమాన్ దీవుల సంగతి చూద్దాం. ఇక్కడి సర్కారు బడులు సీబీఎస్‌ఈ కిందకి వస్తాయి. ప్లస్‌టూలో కామర్స్ తీసుకున్న పిల్లలకి బిజినెస్ స్టడీస్ ఉంటుంది. నూరు మార్కుల్లో 80 పరీక్షవి, 20 ప్రాజెక్టువి. ఆ ప్రాజెక్టుల్లో ఉత్తుత్తి వ్యాపారం రకరకాలుగా కనిపిస్తుంది.

ఒకటి షేర్ మార్కెట్టుది. చేతిలో 50,000 రూపాయలు ఉన్నాయని పిల్లలు అనుకోవాలి. ఐదు కంపెనీలు ఎంచుకుని, ఆ సొమ్ము సమానంగా పెట్టాలి. ఇరవై పనిదినాల పాటు ధరలు రాసుకోవాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఇరవై రోజుల్లో ఒక షేరు పెరిగిందంటే, అందులో పిల్లవాడి తెలివి ఎంత? ఎక్కడో ఎన్నికల ఫలితం వస్తుంది, ఎక్కడో యుద్ధం మొదలవుతుంది, మార్కెట్టు ఊగిపోతుంది. కంపెనీ చరిత్రంతా చదివి ఎంచుకున్న పిల్ల నష్టం చూపిస్తుంది. పేరు బాగుందని టిక్కు పెట్టినవాడు లాభం చూపిస్తాడు. చదివిన పిల్లకి ఒళ్ళు మండదా మరి?

ఇంకొకటి మార్కెటింగ్ ప్రాజెక్టు. సబ్బో, పచ్చడో, ఏదో ఒక వస్తువు ఎంచుకోవాలి. దానికో పేరు పెట్టాలి, నినాదం రాయాలి. ఏ లైసెన్సులు కావాలో తెలుసుకోవాలి. హోల్‌సేల్‌కి ఎంత, చిల్లర కొట్టుకి ఎంత, కొనేవాడికి ఎంత అన్నది తేల్చాలి. సరుకు ఎక్కడ దాస్తారో, ఎలా చేరవేస్తారో చెప్పాలి. పిల్లలు స్కెచ్‌పెన్నులు పట్టుకుని లోగో బొమ్మ మీద గంటలు గంటలు కూర్చుంటారు. చేరవేత దగ్గరికి వచ్చేసరికి "ఓడ ద్వారా" అని రెండు మాటలు రాసి పేజీ తిప్పేస్తారు.

మైదానంలో ఉండే పిల్లలు అలా రాశారంటే సరేలే అనుకోవచ్చు. అండమాన్ పిల్లలు రాస్తే చిత్రంగానే ఉంటుంది. "ఓడ ఇంకా రాలేదు" అన్న మాట వినకుండా ఇక్కడ పెరిగిన పిల్లలు ఎవరున్నారు?

చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి, అంటే 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయిన మన ఊరికి, సుమారు 1,190 కిలోమీటర్లు. విశాఖపట్నం నుంచి కూడా ఇంచుమించు అంతే. జనం ఎక్కే ఓడకి రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది. సరుకు సంగతి వేరు. అది లారీలో రేవుకి రావాలి. అక్కడ ఓడ కోసం కాచుకోవాలి. ఓడలోకి ఎక్కాలి. ఇక్కడ హాడో జెట్టీలో దిగాలి. డిగ్లీపూర్ కొట్టుకి వెళ్ళాల్సిన బస్తా అయితే ఇంకో 300 కిలోమీటర్ల దూరం ట్రంకు రోడ్డు మీద పోవాలి. జిర్కాటాంగ్ దగ్గర కాన్వాయ్ వేళకి ఆగాలి. మిడిల్ స్ట్రెయిట్‌లో లారీ ఫెర్రీ ఎక్కాలి. మధ్యలో వాతావరణం పాడైతే లెక్కలన్నీ మళ్ళీ మొదటికి.

కాబట్టి కొట్టువాడు ఈ రోజు ఫోనులో చెప్పిన సరుకు ఈ రోజు రాదు. రేపూ రాదు. ఈ మధ్యకాలమే వ్యాపారంలో అసలైన తిరకాసు. క్లాసులో ఆడే ఆటకి ప్రాణం కూడా ఇదే.

ఈ తిరకాసుని ఆటగా మార్చింది అమెరికావాళ్ళు. ఎంఐటీ అనే పెద్ద విశ్వవిద్యాలయంలో జే ఫారెస్టర్ అనే ఆచార్యుడు, ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు 1960 ప్రాంతంలో ఈ ఆట తయారుచేశారు. వాళ్ళు బీరు సీసాల పెట్టెలతో ఆడించారు. అందుకే ప్రపంచమంతా దాన్ని 'బీర్ గేమ్' అంటారు. బళ్ళో బీరు ఎందుకు? మనం ఉల్లిపాయల బస్తాలతో ఆడదాం. బస్తాకి బదులు చింతపిక్క పెట్టుకుందాం.

నలుగురు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టండి. మొదటివాడు మన ఊరి అబర్దీన్ బజారులో చిల్లర కొట్టు. రెండో పిల్ల హోల్‌సేల్. మూడోవాడు చెన్నైలో ఏజెంటు. నాలుగోవాడు ఉల్లి యార్డు. ఒక్కొక్కరి ముందు పన్నెండు పిక్కలు పెట్టండి. ఒక్కో ఆవృత్తి ఒక్కో వారం అనుకోండి. ప్రతివారం కొట్టబ్బాయి ఒక చీటీ తెరుస్తాడు. ఆ వారం జనం ఎన్ని బస్తాలు అడిగారో అందులో ఉంటుంది. ఆ చీటీ అతనొక్కడికే కనిపిస్తుంది. అతను సరుకు అమ్ముతాడు, పక్కవాడికి ఆర్డరు రాసి పంపుతాడు. పక్కవాడు తన పక్కవాడికి పంపుతాడు. అలా చివరిదాకా.

ఇక్కడ రెండే రెండు నియమాలు. ఒకటి, ఆర్డరు చీటీ చేరడానికి రెండు వారాలు, సరుకు రావడానికి రెండు వారాలు. మొత్తం నాలుగు వారాలు. రెండు, ఆట అయ్యేదాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. మిగిలిపోయిన ప్రతి బస్తాకీ వారానికి అర్ధరూపాయి ఖర్చు. ఇవ్వలేక బాకీపడ్డ ప్రతి బస్తాకీ వారానికి రూపాయి ఖర్చు. నలుగురి ఖర్చూ కలిపితే ఎవరి జట్టుకి తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు.

ఇంతే ఆట. ఇందులో మోసం లేదు, పోటీదారు లేడు, ధరలు మారవు. అయినా ఆడిన ప్రతిచోటా ఒకటే గొడవ. జాన్ స్టర్‌మన్ అనే ఎంఐటీ ఆచార్యుడు ఈ ఆటల లెక్కలు తీసి 1989లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆడింది చిన్నపిల్లలు కాదు. ఎంబీఏ చదివేవాళ్ళు, కంపెనీల్లో అధికారులు కూడా ఉన్నారు. ఆయన పరిశీలించిన ఆటల్లో జట్లకి సగటున అయిన ఖర్చు, కావాల్సిన కనీస ఖర్చుకి పదిరెట్లు. మళ్ళీ చెప్పుకుందాం, పదిరెట్లు. అంత చదువుకున్నవాళ్ళకే పదిరెట్లు అయిందంటే, పదకొండో క్లాసు పిల్లలు జుట్లు పట్టుకున్నారని కోప్పడి లాభం ఏముంది?

ఆట అయ్యాక ఆడినవాళ్ళకి ఒక తెల్ల కాగితం ఇస్తారు. "జనం కొనుగోలు వారం వారం ఎలా మారిందో మీ ఊహ ప్రకారం గీయండి" అంటారు. కొట్టబ్బాయికి నిజం తెలుసు. మిగిలిన ముగ్గురూ కొండలూ లోయలూ గీస్తారు. జనం ఒక వారం ఎగబడ్డారనీ, ఇంకో వారం మొహం చాటేశారనీ వాళ్ళ గట్టి నమ్మకం. అప్పుడు చీటీలన్నీ తెరిచి చూపిస్తారు. మొదటి నాలుగు వారాలు నాలుగేసి. ఐదో వారం నుంచి ఎనిమిదేసి. చివరిదాకా ఎనిమిదే. జనం మారింది ఒక్కసారే. ఊగిపోయింది వీళ్ళే.

అదెలా జరిగిందో కొట్టబ్బాయి పక్కన కూర్చుని చూద్దాం. అంకెలు కొంచెమే. జాగ్రత్తగా వినండి.

కొట్టులో 12 బస్తాలు ఉన్నాయి. వారానికి నాలుగు వస్తున్నాయి, నాలుగు పోతున్నాయి. ఐదో వారం జనం ఎనిమిది అడిగారు. అబ్బాయి ఎనిమిదీ ఇచ్చాడు. ఎందుకైనా మంచిదని ఎనిమిది ఆర్డరు పెట్టాడు. ఆరో వారం కూడా ఎనిమిది పోయాయి, నాలుగే వచ్చాయి. కొట్టు తరిగిపోతోంది. ఈసారి 12 ఆర్డరు పెట్టాడు. ఏడో వారానికి కొట్టు ఖాళీ. కంగారులో 16 పెట్టాడు. ఎనిమిదో వారం బాకీ. అడిగినవాళ్ళకి నాలుగు బస్తాలు ఇవ్వలేకపోయాడు. "నేను అడుగుతూనే ఉన్నాను, వాడు పంపడం లేదు" అని పళ్ళు కొరికి 20 పెట్టాడు.

ఇక్కడ ఆగుదాం. ఎనిమిదో వారం అతను ఆ 20 రాస్తున్నప్పుడు కొట్టులో ఒక్క బస్తా లేదు. మరి దారిలో ఎన్ని ఉన్నాయి? ఐదో వారం పెట్టిన ఎనిమిది. ఆరో వారం పెట్టిన 12. ఏడో వారం పెట్టిన 16. మొత్తం 36. కొట్టులో సున్నా. దారిలో 36.

పైవాళ్ళ దగ్గర సరుకు ఉందనే అనుకుందాం. అప్పుడు ఆ 36 దేనికి సరిపోతాయి? నాలుగు బస్తాల బాకీ తీరుతుంది. మిగిలినవి 32. వారానికి ఎనిమిది చొప్పున సరిగ్గా నాలుగు వారాల అమ్మకం. అంటే అబ్బాయి ఆ రోజు కంగారుపడాల్సిన పనే లేదు. మామూలుగా ఎనిమిది పెట్టి ఊరుకుంటే చాలు. అతను 20 పెట్టాడు. బాకీ ఇంకా తీరలేదని తొమ్మిదో వారం మరో 20 పెట్టాడు. ఇక సరుకు దిగడం మొదలైంది. పదమూడో వారానికి కొట్టులో 32 బస్తాలు. ఎంత అమ్మినా నెలరోజుల సరుకు. ఈ దీవుల తేమలో ఉల్లిపాయలు నెలరోజులు బస్తాల్లో ఉంటే మొలకలొస్తాయి, అడుగునవి కుళ్ళుతాయి. అది చూసి అబ్బాయి ఆర్డరు సున్నాకి దించేస్తాడు. పక్కనున్న హోల్‌సేల్ పిల్లకి గుండె గుభేలుమంటుంది. నిన్నటిదాకా 20 అడిగినవాడు ఇవాళ ఒక్కటీ వద్దంటాడేమిటి? ఆ పిల్ల అప్పటికే అతని కోసమని ఇంకా ఎక్కువ తెప్పించి ఉంటుంది. ఆ పిల్ల వెనకున్నవాడు అంతకన్నా ఎక్కువ. యార్డు దగ్గరికి వెళ్ళేసరికి కొండంత.

పులుసులో కల్లుప్పు వేసే కొత్త కోడలు చేసే పనే ఇది. ఉప్పు వేస్తుంది. కరగకముందే రుచి చూస్తుంది. చప్పగా ఉందని ఇంకో గుప్పెడు. మళ్ళీ రుచి, మళ్ళీ గుప్పెడు. అదంతా కరిగాక ఆ పులుసు నోట పెట్టలేం. ఉప్పు తప్పు కాదు, నాలుక తప్పు కాదు. గిన్నె అడుగున కరుగుతున్న ఉప్పుని ఆవిడ లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

ఇక చేయాల్సిన పని. పిల్లలు నోటుబుక్కులో మామూలుగా రెండు గళ్ళు గీస్తారు. చేతిలో ఎంత ఉంది? బాకీ ఎంత ఉంది? దాని పక్కన మూడో గడి గీయమనండి. దారిలో ఎంత ఉంది? ఆర్డరు పెట్టగానే ఆ అంకె మూడో గడిలో చేరాలి. సరుకు దిగగానే మూడో గడిలోంచి తీసేసి మొదటి గడిలో వేయాలి. కొత్త ఆర్డరు రాసే ముందు వేలు పెట్టి మూడు గళ్ళూ చూడాలి. చేతిలో ఉన్నది. బాకీ ఉన్నది. దారిలో ఉన్నది.

ఇది గొప్ప సిద్ధాంతం ఏమీ కాదని కొట్టు నడిపే తండ్రులు నవ్వుకోవచ్చు. నిజమే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి చేపల పడవల మీదా, చిన్న కొట్ల మీదా బతుకుతున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సరుకు ఓడలో ఉందంటే ఇంకో ఆర్డరు పెట్టకూడదని ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి కూడా తెలుసు. చిక్కేమిటంటే, ఆ తెలివి ఇంటి గడప దాటి బడిదాకా రాదు. ప్రాజెక్టు అనగానే పిల్లలు ఇంటర్నెట్టులో ఏ ముంబై కంపెనీ లెక్కలో వెతుక్కుంటారు. నాన్న కొట్టులో మేకుకి గుచ్చిన బిల్లులు వాళ్ళ కంటికి ఆనవు.

ఆటలో పిల్లలే కాదు, పెద్ద కంపెనీలూ ఈ ఊగిసలాటలో పడ్డాయి. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ పేరు విన్నారు కదా. చంటిపిల్లలకి తొడిగే పాంపర్స్ డైపర్లు వాళ్ళవే. ఆ కంపెనీవాళ్ళు ఒకసారి ఆర్డర్ల లెక్కలు తీసి చూసుకున్నారు. చంటిపిల్లలు డైపర్లు తడిపేది ఎప్పుడూ ఒకే తీరున. చిల్లర కొట్లలో అమ్మకాలు కొంచెమే అటూఇటూ. కానీ డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లు ఎగిరెగిరి పడుతున్నాయి. ముడిసరుకు కోసం కంపెనీ తాను పెట్టే ఆర్డర్లు అంతకన్నా ఎక్కువ ఎగురుతున్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న హావ్ లీ, ఆయన సహచరులు 1997లో ఈ సంగతి రాశాక వ్యాపార పాఠాలన్నిటిలో ఇది ఉదాహరణ అయిపోయింది.

నిజం డబ్బు ఇస్తే పిల్లలు ఇంతకన్నా జాగ్రత్తగా ఉంటారా? ఢిల్లీ ప్రభుత్వం ఆ పని చేసి చూసింది. 2021లో బిజినెస్ బ్లాస్టర్స్ అని మొదలుపెట్టి, సర్కారు బడుల్లో 11, 12 తరగతుల పిల్లలకి తలకి 2,000 రూపాయలు పెట్టుబడి ఇచ్చింది.  డబ్బు నిజమైతే శ్రద్ధ పెరుగుతుంది, అది ఒప్పుకోవాలి. కానీ నిజం డబ్బుతో పదమూడు వారాలు తప్పు చేయనిచ్చే బడి ఏదీ ఉండదు. చింతపిక్కలతో అయితే ఒక్క పూటలో పదమూడు వారాలు మునగొచ్చు, మళ్ళీ లేవొచ్చు. ఉత్తుత్తి వ్యాపారానికి ఉన్న మేలు అదే. పిల్లలు దాన్ని ఉత్తుత్తిది అని తేలిక చేయడం ఎంత పొరపాటో, మాస్టార్లు గెలిచిన జట్టుకే మార్కులు వేయడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఓడిన జట్టు నోటుబుక్కులోనే చదవడానికి ఎక్కువ ఉంటుంది.

ఆడించాలనుకునే మాస్టార్లకి, టీచర్లకి నాలుగు మాటలు. ఆటని రెండుసార్లు ఆడించండి. మొదటిసారి మూడో గడి సంగతి చెప్పకండి. పిల్లల్ని తిట్టుకోనివ్వండి. ఖర్చులు కూడి బోర్డు మీద వేయండి. చీటీలు తెరవండి. రెండోసారి మూడో గడి గీయించి ఆడించండి. ఈసారి సీట్లు మార్చండి. కొట్టబ్బాయిని హోల్‌సేల్ చోట కూర్చోబెట్టండి, హోల్‌సేల్ పిల్లని కొట్టులో కూర్చోబెట్టండి. పంపవేటి అని అరిచినవాడికి, లేకపోతే ఎక్కణ్నుంచి పంపాలో అప్పుడు తెలుస్తుంది. చీటీల్లో అంకెలు మాత్రం మార్చండి, లేకపోతే పాత జ్ఞాపకంతో ఆడేస్తారు.

మన దీవుల కోసం ఇంకో చీటీ కలపొచ్చు. దాని మీద "ఈ వారం ఓడ లేదు" అని రాయండి. మిగిలిన చీటీల మధ్యలో ఎక్కడో దాచండి. అది బయటపడ్డ వారం దారిలో ఉన్న పిక్కలన్నీ ఉన్నచోటే ఉండిపోతాయి. ఎవరూ ముందుకి జరపకూడదు. ఆ వారం పిల్లల చేతులు ఆర్డరు కాగితం మీదకి పోతాయి. అప్పుడు మాస్టారు ఒక్కటే అడగాలి. "మూడో గడిలో ఎంత ఉందిరా?"

నలుగురికి కలిపి వంద పైన పిక్కలు కావాలి. ఈ ఏడాది చింతపండు తీసేటప్పుడు పిక్కలు పారేయకుండా ఒక డబ్బాలో వేసి బడికి పంపమని ఇళ్ళల్లో చెప్పండి.